వెనకవైపు

తలుపు తెరుచుకోకూడదు. ఇంకో యాభై నిమిషాలు అది అలాగే మూసుకుని ఉండాలి, ఎవరూ బయటికి రాకూడదు, ఎవరూ నా వైపు చూసి ఆయన తాలూకు మీరేనా అని అడగకూడదు. ఎన్ని తలుపుల ముందు నిలబడి ఎప్పుడు తీస్తార్రా బాబూ అని విసుక్కున్నానో నాకే తెలియదు, ఇవాళ మాత్రం ఎవరైనా వచ్చి దీనికి అడ్డంగా మేకులు కొట్టేస్తానన్నా కాదనను, సుత్తి అందిస్తాను. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై. ఆయన్ని చక్రాల మంచం మీద లోపలికి తోసుకెళ్ళింది ఎనిమిదీ పదికి, తలుపు రెక్కలు రెండూ ఊగి ఊగి ఆగేదాకా నేను ముల్లునే చూశాను. నిన్న సాయంత్రం పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, "గంటలోపల మేం బయటికొచ్చేశామంటే చేయడానికేం లేదని అర్థమమ్మా. గంట దాటిందా, మొదలుపెట్టినట్టే. మీరు ఆలస్యమవుతోందని కంగారు పడకండి, ఆలస్యమే మంచిది" అన్నాడు. ముందు పొట్టకి చిన్న బెజ్జం చేసి కెమెరా పంపుతారట. పేగుల మీదా, లోపలి పొర మీదా ఇసుక చల్లినట్టు గింజలు కనబడితే జబ్బు కడుపు దాటి బయటికొచ్చేసినట్టు, అప్పుడిక కడుపు తీసినా లాభం లేదు, బెజ్జం కుట్టేసి వచ్చేస్తారు. కనబడకపోతే కోస్తారు, కడుపు మొత్తం తీసేసి, పైనుంచి వచ్చే గొట్టాన్ని కిందికి లాగి పేగుకి కుడతారు. నాలుగైదు గంటల పని. కట్టుకున్న వాణ్ణి నిలువునా కొయ్యాలి దేవుడా, బాగా కొయ్యాలి అని మొక్కుకుంటున్న ఆడదాన్ని ఈ వరండాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పక్కన మా ఆడపడుచు ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదు. ఫ్లాస్కు మూత తీస్తుంది, పెడుతుంది, ఎదురుగా కూర్చున్న వాళ్ళని ఎవరు, ఏం జబ్బు అని అడిగి అన్నీ కనుక్కుంటుంది, మళ్ళీ వచ్చి నా మోచెయ్యి గోకుతుంది. "ఇంకా ఎంతసేపు వదినా? వీళ్ళు లోపల ఏం చేస్తున్నట్టు? తొందరగా తెమిల్చి పంపేస్తే మనకీ నిశ్చింత కదా" అంటుంది. అలా అన్నప్పుడల్లా దాని నోరు మూసేయాలనిపిస్తుంది. గంట సంగతి దానికి చెప్పలేదు. చెబితే అది కూడా నాతోపాటు గడియారం కేసి చూడటం మొదలుపెడుతుంది, చూసి ఊరుకోదు, నిమిషానికోసారి పైకి చదువుతుంది. అన్నయ్య అంటే దానికి ప్రాణం, చిన్నప్పుడు దాని బడి సంచులన్నీ ఆయన కుట్టినవే. నేను ఆయన జీవితంలోకి రాకముందే ఆయన సంచులు దీని భుజాన వేలాడాయి, అందుకే ఈ ముప్ఫై ఏళ్ళలో మా ఇద్దరికీ ఎంత పడకపోయినా నేను దీన్ని పూర్తిగా తీసిపారేయలేకపోయాను. ఎనిమిదీ ఇరవయ్యారు. కాఫీ తాగవే అంటే అన్నయ్య ఏమీ తాగకుండా లోపలున్నాడు, నాకెందుకు వదినా అంది, మరి ఫ్లాస్కు నిండా ఎవరికి తెచ్చిందో. నేల మీద పసుపు గీత ఒకటి వేసి ఉంది, దాన్ని దాటి రాకూడదని రాసి ఉంది. గీత వంకరగా ఉంది. ఆయన చూస్తే ఊరుకోడు.

వంకర గీతంటే ఆయనకి ఒళ్ళు మంట. కోత మేస్త్రి అంటారు మా బజారులో, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. తోలు సంచులు మా పని. ఆయన కోస్తాడు, నేను కుడతాను. ఆయన బల్ల కిటికీ దగ్గర, నా మిషను వెనక గోడవైపు, నేను ఆయన వీపే చూస్తూ బతికాను, ఆ వీపు కదలికని బట్టి ఇవాళ తోలు మంచిదా కాదా చెప్పగలను. ఆయనకొక పద్ధతి ఉంది. తోలు చుట్ట విప్పి బల్ల మీద పరిచాక నునుపు వైపు అసలు చూడడు. "పై ముఖం ఎవరైనా చూస్తారు మిషనమ్మా, దానికి మేస్త్రి ఎందుకు?" అంటాడు, నన్ను అలాగే పిలుస్తాడు, మిషనమ్మా అని. తోలుని బోర్లా తిప్పి, వెనకవైపు అరచేత్తో అంగుళం అంగుళం తడిమి చూస్తాడు. పైకి అద్దంలా మెరిసే తోలు వెనకవైపు పురుగు తొలిచేసి ఉంటుంది, ఎక్కడో ఒకచోట కాగితం మందాన పలచబడి ఉంటుంది, కుట్టు వేశాక అక్కడే చిరుగుతుంది. అన్నీ చూసి బాగుందంటే వెనకవైపు మూలన వెండి పెన్నుతో సున్నా చుడతాడు, అంటే కొయ్యొచ్చని. లేదంటే అడ్డగీత గీసి, చుట్ట చుట్టి మూలన పడేస్తాడు. మిషను దగ్గర కూర్చుని నేను చెవులు రిక్కించి వినేదాన్ని. కత్తి తోలులోకి దిగిన చప్పుడు వినబడిందంటే పనుంది, చప్పుడు లేకుండా చుట్ట చుట్టేస్తున్నాడంటే ఆ పూటకి నేను ఖాళీ. ఇక్కడ తలుపు ఎంత మందంగా ఉందంటే ఏ చప్పుడూ రాదు. ఎనిమిదిన్నర దాటి నాలుగు నిమిషాలు.

ఎక్కడ మొదలైందని అడిగాడు డాక్టరు మొదటి రోజు. ఎక్కడ మొదలవుతుంది, మా ఇంట్లో పళ్ళెం దగ్గర మొదలైంది. నాలుగు ముద్దలు తినగానే చాలు అనేవాడు. నిండిపోయింది అనేవాడు. దేనితో నిండింది, నా మాటలతోనా అని నేను. బెల్టు వదులైతే పనిముట్ల పెట్టెలోంచి బెజ్జాల చువ్వ తీసి ఒక బెజ్జం కొట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. సొంతానికి కుట్టుకున్న బెల్టు, ఎంత అందంగా కొడతాడో బెజ్జాలు, సమదూరంలో, ఫ్యాక్టరీలో కొట్టినట్టు. అవి మూడయ్యాక నేనే లాక్కుపోయాను బజారు చివరి క్లినిక్కుకి. అక్కడి డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి చూశాడు, కడుపు గోడ సరిగ్గా సాగడం లేదు, ముక్కలు తీసి పంపించాం, రిపోర్టు వచ్చాక నన్ను కలవండి అన్నాడు. ముక్కలు తీశారనగానే ఈయన మొహం మాడిపోయింది. ఆ వారమంతా రాత్రింబవళ్ళు ఒకటే మాట, అది అయ్యుంటుందా, అది కాదు కదా. అది అంటే ఏదో ఇద్దరం ఒక్కసారీ పేరు పెట్టి అనలేదు.

రిపోర్టు తెచ్చింది నేను. కిటికీలోంచి చెయ్యి వచ్చి కాగితం ఇచ్చింది, అక్కడే నిలబడి చదివాను. పైపొరలో ప్రమాదకరమైన కణాలు కనబడలేదు. ఆ ఒక్క ముక్క చదివాను, కళ్ళ నీళ్ళు వచ్చేశాయి, ఇంక డాక్టర్ని కలవడమెందుకు, ఏమీ లేనివాళ్ళం ఆయన టైము తినడం దేనికనుకున్నాను. దారి పొడుగునా కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. ఇంటికొచ్చి చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది. తోలు అంటించే సొల్యూషను డబ్బా తీసి, రెండు వేళ్ళతో కాగితం వెనక మొత్తం పులిమి, ఆయన బల్ల పైన గోడకి, కళ్ళకి ఎదురుగా, అంటించేశాను. "ఇదిగో మేస్త్రీ, ఇంక కడుపు వంక పెట్టి పళ్ళెం తోసేశావంటే ఇది చూపిస్తా" అన్నాను. ఆయన నవ్వాడు. సొల్యూషను తడి మీద వేళ్ళు జారుతుంటే వెనక అక్షరాలు తగిలాయా? అక్షరాలు తగలవు, కళ్ళకి కనబడతాయి, చూసేవాళ్ళుంటే. సంతోషంలో ఉన్నవాళ్ళు ఏదీ తిప్పి చూడరు. ఆ తర్వాత మూడున్నర నెలలు, భోజనం దగ్గర ఆయన చెయ్యి కడిగేసుకున్నప్పుడల్లా నేను మాట్లాడకుండా వేలు పెట్టి గోడ చూపించాను. ఆయన ఇంకో రెండు ముద్దలు బలవంతాన మింగి, పెరట్లోకి వెళ్ళి కక్కుకుని వచ్చేవాడు. బెల్టుకి అయిదు బెజ్జాలయ్యాయి.

ఎనిమిదీ నలభై ఒకటి. సగం దాటింది. "వదినా, ఆ తెల్ల కోటాయన ఇందాకట్నుంచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు, అడగనా?" అంటోంది ఆడపడుచు. వద్దు, ఎవర్నీ ఏమీ అడక్కు, కూర్చో. గట్టిగా అన్నానేమో, నొచ్చుకుంది, పమిట కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. తప్పయిందే అని చెయ్యి పట్టుకున్నాను, ఆ చెయ్యి చల్లగా ఉంది. చల్లదనం అంటే ఆయన ఇప్పుడు భయపడతాడు. ఆపరేషన్‌కి ముందు మందు ఎక్కించిన నాలుగు విడతలూ అదే బాధ. చల్లటిది ఏది ముట్టుకున్నా కరెంటు కొట్టినట్టుండేదట, కత్తి పిడికి పాత గుడ్డ చుట్టుకుని కోసేవాడు. తర్వాత వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. ఒకరోజు తోలు తిప్పి వెనకవైపు తడుముతున్నాడు, తడుముతున్నాడు, ఎంతకీ పెన్ను తీయడు. ఏమిటన్నాను. "తెలియట్లేదే" అన్నాడు. నేను లేచి వెళ్ళి నా చెయ్యి వేసి తడిమాను, ఇక్కడ పలచగా ఉంది, ఇక్కడ బాగుంది అని చెబితే ఆయన గీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో తోలు చూసే పనిలో ఆయన నన్ను చెయ్యి పెట్టనిచ్చింది అదే మొదటిసారి. నాకు గర్వంగా కూడా అనిపించింది, సిగ్గు లేకుండా చెప్పాలంటే.

ఇంక ముద్ద దిగక ఈ పెద్దాసుపత్రికి వస్తే, మళ్ళీ గొట్టం వేసి, ఈసారి లోతునుంచి ముక్కలు తీశారు. అయిదు నెలల కిందటి సంగతి. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. ఇది గడ్డలా లేచే రకం కాదు, పైపొర కింద పాకుతూ పోతుంది, పైకి ఏమీ తెలియదు, లోపల గోడంతా మందమై బిగుసుకుపోతుంది, చాలా దూకుడుగా ఉంటుంది అన్నాడు. "దీన్ని తోలుసంచి కడుపు అంటాం మేము" అన్నాడు. అప్పుడే డాక్టరు ఫైల్లో కాగితాలు ఒక్కొక్కటీ చూస్తూ క్లినిక్కు రిపోర్టు దగ్గర ఆగాడు. ముందు చదివాడు. తిప్పాడు. వెనక కూడా అచ్చు ఉంది. నేను కూర్చున్న చోటికే కనబడుతోంది, రెండే రెండు వాక్యాలు. గోడ సాగడం లేదు కనుక పైపొర రిపోర్టు మీద ఆధారపడకుండా లోతు నుంచి మళ్ళీ ముక్కలు తీసి చూడాలి, ఆలస్యం చేయకూడదు. డాక్టరు కనుబొమలు పైకి లేచాయి. "ఇందులో అప్పుడే..." అని ఏదో అనబోయాడు. ఈయన మధ్యలో దూరాడు. "అది సరేగానీ డాక్టరుగారూ, ఏ తోలండీ? మేకదా, బర్రెదా?" డాక్టరు నవ్వేశాడు, బర్రెదే అనుకోండి అన్నాడు. మందం ఎంత, పట్టుకుంటే వంగుతుందా లేదా, ఒకటే ప్రశ్నలు. కాగితం మళ్ళీ ఫైల్లోకి పోయింది. ఎంత మొద్దు మనిషి, ప్రాణాల మీదికొస్తే తోలు బేరం ఆడుతున్నాడు అనుకున్నాను. లోలోపల మాత్రం ఆయన వినలేదు, ఆయనకి తెలియలేదు, గండం గడిచింది అనుకున్నాను. చూశారా నా బుద్ధి.

అప్పటినుంచి అది నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మూడున్నర నెలలు. మూడున్నర నెలల్లో అది ఎంత మేర పాకి ఉంటుంది? అప్పుడే వచ్చుంటే ఈ గంట కోసం ఇలా కూర్చోవలసిన పని ఉండేదా? ఎవర్నడగను, అడిగితే ఎందుకడుగుతున్నానో చెప్పాలి. ఆపరేషన్ చేయగలిగితే ఎలా ఉంటుందని మాత్రం అడిగాం. డాక్టరు నీళ్ళు నమలకుండా చెప్పాడు, ఈ రకానికి కడుపు తీయగలిగినా, ముందూ వెనకా మందు ఎక్కించినా, వందమందిలో ఇరవై మంది అయిదేళ్ళు దాటుతారు. తీయలేకపోతే ఒక ఏడాది, అటూ ఇటూ. ఇంటికొస్తూ బస్సులో ఈయన చాలాసేపు లెక్కేసి "ఫరవాలేదు మిషనమ్మా. మనకొచ్చే కట్టలో పది తోళ్ళుంటే మొదటి రకం రెండేగా ఉండేది. ఆ రెండూ ఉంటాయిగా ఎప్పుడూ" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మిగతా ఎనిమిది ఏమవుతాయో నాకు తెలియదా? చెప్పేద్దామనుకున్నాను ఆ పూట, నావల్లేనని. చెప్పలేదు. ప్రతి విడతకీ చెప్పేద్దామనుకున్నాను, వాంతులు తగ్గనీ, కాస్త తిననీ, ఆపరేషన్ ముందు రోజు చెబుదాం అని. ముందు రోజు కూడా అయిపోయింది. ఇవాళ పొద్దున కూడా.

పొద్దున ఆరింటికి. గదిలో మేమిద్దరమే. ఆసుపత్రి వాళ్ళిచ్చిన చొక్కా, వెనకాల ముళ్ళు వేసేది, తొడుక్కుని మంచం చివర కూర్చున్నాడు, బల్ల ముందు కూర్చున్నట్టే, వీపు నావైపు. ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు. దిండు కిందనుంచి వెండి పెన్ను తీశాడు. అది ఎప్పుడు తెచ్చుకున్నాడో. "ముళ్ళు విప్పి, వెనకవైపు బాగా చూసి, గుర్తు పెట్టవే" అన్నాడు. నీ వెకిలి వేషాలు ఇక్కడ కూడానా, నర్సు చూస్తే తిడుతుంది అన్నాను. "చూడు ముందు. తడిమి చూడు. నా వేళ్ళు పనిచెయ్యట్లేదుగా, ఇప్పుడు నువ్వే మేస్త్రివి" అన్నాడు. అరచెయ్యి పెట్టి తడిమాను. భుజాల దగ్గరనుంచి నడుం దాకా, అంగుళం అంగుళం. వెచ్చగా ఉంది. మధ్యలో ఒకచోట నా చెయ్యి ఆగిపోతే ఏమిటి, పలచగా ఉందా అన్నాడు. లేదు, బాగుంది అన్నాను. ఎడమ నడుం దగ్గర, మూలన, సున్నా చుట్టాను. "ఈసారి వెనక చూసే పెట్టావుగా" అన్నాడు. ఊఁ అన్నాను. నవ్వుతూనే అన్నాడు. ఇంతలో నర్సులొచ్చి పడ్డారు.

తొమ్మిదీ రెండు. మూడు. వరండాలో ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు, నేను వినకూడదనుకున్నా ప్రతి మాటా చెవిలో పడుతోంది, ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చారట. నాలుగు. తలుపు కదిలింది. ఎవరో తుడిచే ఆవిడ బకెట్టుతో వచ్చింది, పసుపు గీత దాటి పోయింది. ఆరు. ముల్లు కదలడం మానేసిందేమో అనిపించింది, ఆడపడుచు చేతి గడియారం లాక్కుని చూశాను, అది ఒక నిమిషం ముందుంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిదీ పది. ఇంకో రెండు నిమిషాలు ఊరికే ఉన్నాను, దిష్టి తగులుతుందన్నట్టు. పన్నెండు. దాటింది. దాటిందే, దాటింది అని ఆడపడుచుని వాటేసుకున్నాను. దానికేం అర్థం కాలేదు, ఏడుపు మొదలుపెట్టింది. చెప్పాను, గంట సంగతి మొత్తం చెప్పాను, బయటికి రాకపోవడమే మంచిదని, కోస్తున్నారని, ఇంక నాలుగు గంటలైనా పట్టనీ అని. "అయ్యో, నేను పొద్దుట్నుంచీ తొందరగా రావాలని మొక్కుకుంటున్నానే వదినా" అంది. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని గుటక వేశాను, వేడి వేడిగా.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న నర్సు, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, మా వైపే వచ్చింది. కప్పు ఎక్కడ పెట్టానో తెలియదు. "ఆయన భార్య మీరేనా? ఏంటమ్మా ఆ వీపు మీద రాత? నొప్పి తెలియకుండా వెన్నులో సూది పెట్టాలని కూర్చోబెడితే వెండి రంగు సున్నా. స్పిరిటుతో ఎంత తుడిచినా పోదే. ఆయన్నడిగితే మా ఆవిడ పాస్ చేసింది, కొయ్యొచ్చు అంటాడు. అందరూ నవ్వారు లెండి." ఇప్పుడు, ఇప్పుడు ఎంతవరకూ వచ్చిందమ్మా అన్నాను. "ఇప్పుడేగా మొదలెడుతున్నారు. వెన్నులో సందు దొరకడానికే చాలాసేపు పట్టింది, మనిషి సరిగా వంగలేకపోయాడుగా. ఇదిగో, డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు. గాబరా పడకండి" అని వెళ్ళిపోయింది. తలుపు రెక్కలు ఊగి ఆగాయి. తొమ్మిదీ పద్దెనిమిది. ఆడపడుచు నా మొహంలోకి చూసింది, గడియారంలోకి చూసింది. "అంటే మళ్ళీ మొదట్నించా వదినా?" అంది.

మళ్ళీ మొదట్నించి. కాని ఈ గంట ఆ గంట కాదు. పాస్ చేసింది అన్నాడట. ఈసారి వెనక చూసే పెట్టావుగా అన్నాడు పొద్దున. ఈసారి. అంటే? నేను ఎప్పుడు చూడకుండా పెట్టాను? తోలు చూసేది ఆయన, నేనెప్పుడూ చూసి గుర్తు పెట్టింది లేదు, నేను వెనక చూడకుండా పెట్టింది నా మొత్తం బతుకులో ఒకే ఒక్కటి. గోడ మీద కాగితం. గోడ మీది కాగితం ఫైల్లోకి ఎలా వచ్చింది? నేను పెట్టలేదు. ఇన్నాళ్ళూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు, అడిగితే ఏం తేలుతుందోనని. సొల్యూషను పెట్టి అంటించిన కాగితం చేత్తో లాగితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. డాక్టరు తిప్పినప్పుడు వెనక సున్నం పొడి పలచగా అంటుకుని ఉంది, అక్షరం ఒక్కటీ చెదరలేదు. అంచులు పలచన చేసే కత్తి ఒకటుంది ఆయన దగ్గర, రేకులా వంగేది, దాన్ని గోడకీ కాగితానికీ మధ్య దూర్చి, వెంట్రుక వెంట్రుక లేపుకుంటూ, ఒక పూటంతా కూర్చుని తీసుంటాడు. తీసినంతసేపూ వెనకవైపే చూస్తూ. ఆయన అంతే, వెనక చూడకుండా దేన్నీ చేతిలోకి తీసుకోడు. అన్నీ తెలిసే ఆ గదిలోకి వచ్చాడు. డాక్టరు నోరు తెరవగానే మేకదా, బర్రెదా అని అడ్డం పడ్డాడు. మొద్దు మనిషి అనుకున్నాను. అయిదు నెలలు నేను ఆయన దగ్గర దాచానని నేననుకుంటే, ఆయనే తనకి తెలుసన్న సంగతి నా దగ్గర దాచాడు. పొద్దున ఆ వీపు మీద నా చెయ్యి ఆగినప్పుడు పలచగా ఉందా అని అడిగాడే, అది నా గురించే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది, గట్టిగా, పదిమందిలో. ఆడపడుచు కొంగు ఇచ్చింది.

ఆ తర్వాత ఇద్దరం కలిసి చూశాం గడియారం. నేననుకున్నట్టే అది పైకి చదివింది, తొమ్మిదీ నలభై వదినా, తొమ్మిదీ యాభై వదినా అని, కాని ఈసారి నాకు ఆ గొంతు కావాలనిపించింది. తనకి బాత్రూముకి వెళ్ళాల్సిన అవసరం ఉన్నా కాళ్ళు బిగబట్టుకుని కూర్చుంది, లేస్తే ఏమవుతుందోనని. తుడిచే ఆవిడ మళ్ళీ తలుపు తోసుకుని వస్తే ఇద్దరం ఒకేసారి ఆమెని కొరకొరా చూశాం. పదీ పద్దెనిమిది. ఈసారి నేను ఎవర్నీ వాటేసుకోలేదు. పదకొండు. ఆడపడుచు పరుగున వెళ్ళి పరుగున వచ్చింది. పదకొండున్నర. కత్తి చప్పుడు నాకు వినబడుతూనే ఉంది అనుకున్నాను, ఆ తలుపు ఎంత మందమైతేనేం.

ఒంటిగంటా అయిదుకి పెద్ద డాక్టరు వచ్చాడు. చేతిలో స్టీలు పళ్ళెం, మీద ఆకుపచ్చ గుడ్డ. చొక్కా అంతా చెమట. "తీసేశాం అమ్మా. గింజలేమీ కనబడలేదు. ఆయన బాగానే ఉన్నారు, లోపల కుట్లు వేస్తున్నారు. ఇంటివాళ్ళకి చూపించడం మా పద్ధతి, చూస్తారా, వద్దా?" అన్నాడు. ఆడపడుచు మొహం తిప్పేసుకుంది. చూస్తానన్నాను. గుడ్డ తీశాడు. చిన్నది. ఇంత చిన్నదా అనుకున్నాను, పిల్లలు చిల్లర దాచుకునే సంచంత. అంత చిన్న సంచిలోకి ఇంకో రెండు ముద్దలు, ఇంకో రెండు ముద్దలు అని వేలు పెట్టి గోడ చూపించాను నేను. డాక్టరు చేతి తొడుగు వేలితో నొక్కి చూపించాడు, లొంగలేదు. మందంగా, బిగుతుగా, చల్లబడిన బర్రె తోలు. ఆయనకి సరిగ్గానే చెప్పాడు.

"ఒకసారి వెనక్కి తిప్పి చూపించండి" అన్నాను.

డాక్టరు ఒక్క క్షణం నన్ను చూసి, పటకారుతో పట్టుకుని తిప్పాడు. వంగి చూశాను. ఒకచోట తప్ప అంతా నునుపుగా ఉంది. కింది అంచు దగ్గర, గోరంత మేర, గరుకుగా, ముడత పడినట్టు. అక్కడ వేలు పెట్టబోయి, ఆపుకుని, ఇదేంటండీ అన్నాను. "నేనూ అదే చూశాను" అన్నాడు నెమ్మదిగా. "అక్కడ బయటికొచ్చిందో లేదో కంటితో చెప్పలేం. ల్యాబుకి పంపుతున్నాం. పది రోజుల్లో రిపోర్టు వస్తుంది." గుడ్డ కప్పేశాడు. ఇంకేమైనా అడగాలా అమ్మా అన్నాడు.

అడగాలి. అయిదేళ్ళు అడగాలి, రెండా ఎనిమిదా అడగాలి, ఆయనకి ఎప్పుడు మెలకువ వస్తుందో, వచ్చాక నేను ముందు ఏం చెప్పాలో అడగాలి. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"ఆ రిపోర్టు కాగితానికి రెండువైపులా ఉంటుందాండీ?"